బందీల ప్రాణాలను అమానత్‌గా ఎంచిన అమీర్ అబ్దుల్ ఖాదిర్

మదర్సాలో పిల్లలకు చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఏ వీరుని గురించి చెప్పినా పిల్లలు ముందుగా అడిగేది ఆయన ఎన్ని యుద్ధాలు గెలిచారు, శత్రువులను ఎంతమందిని చంపారు అని. లెక్క పెద్దదైతే వాళ్ల కళ్లు మెరుస్తాయి. చిన్నదైతే ముఖాలు చిన్నబోతాయి. పిల్లలదాకా ఎందుకు, పెద్దలు కూర్చుని ముచ్చటించుకునే చోట కూడా వీరత్వానికి కొలమానం ఇదే.

అందుకే ఈ శుక్రవారం వేరే లెక్కతో కొలవవలసిన ఒక మహాయోధుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం. ఆయన తన కాలంలో ప్రపంచంలోని అతి పెద్ద సైన్యాల్లో ఒకదానితో పదిహేనేళ్లు పోరాడారు. కొన్ని యుద్ధాలు గెలిచారు, కొన్ని ఓడారు, చివరికి కత్తి దించారు. అయినా ఆయన పేరు చెబితే శత్రుదేశంలోనూ తలలు వంగాయి. ఆయనే అల్జీరియా దేశానికి చెందిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ అల్ జజాయిరీ (రహ్మతుల్లాహ్ అలైహి).

పేరులోనే ఉన్న వారసత్వం

మైసూరు పులి టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నంలో షహీద్ అయిన తొమ్మిదేళ్లకు, అంటే 1808లో, హిజ్రీ 1223 రజబ్ మాసంలో, పశ్చిమ అల్జీరియాలోని మస్కరా పట్టణానికి దగ్గరలో గల గైత్నా అనే గ్రామంలో అబ్దుల్ ఖాదిర్ జన్మించారు. తండ్రి షేఖ్ ముహియుద్దీన్ గొప్ప ఆలిం. ఖాదిరియా సిల్‌సిలాకు ఆ ప్రాంతంలో పెద్ద. వారి ఇల్లే ఒక మదర్సా, ఒక ఖాన్‌ఖా, ఒక ముసాఫిర్‌ఖానా. తల్లి లల్లా జొహ్రా చదువుకున్న ఇల్లాలు.

ఖాదిరియా అనగానే మన పాఠకులకు వేరే పరిచయం అక్కరలేదు. రబీఉస్సానీ నెల వచ్చిందంటే మన ఊళ్లలోనూ ఎన్నో ఇళ్లలో గ్యార్వీ ఫాతిహా జరుగుతుంది. ఎవరి పేరిట ఆ ఫాతిహా జరుగుతుందో ఆ బాగ్దాద్ మహనీయులు హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్) పేరే ఈ బాలునికీ పెట్టారు.

పద్నాలుగేళ్ల వయసుకే అబ్దుల్ ఖాదిర్ ఖుర్‌ఆన్ హాఫిజ్ అయ్యారు. ఫిఖ్హ్, హదీస్, వ్యాకరణం చదువుకుంటూనే గుర్రపుస్వారీలో ఆ ప్రాంతంలో తనకు సాటి లేదనిపించుకున్నారు. 1825లో తండ్రితో కలిసి హజ్ యాత్రకు బయలుదేరారు. మక్కా, మదీనాలు దర్శించుకుని, డమాస్కస్‌లో ఉలమాల వద్ద చదువుకుని, బాగ్దాద్‌లో తన పేరుకు మూలమైన ఆ మహనీయుని మజార్‌ను జియారత్ చేసుకున్నారు. రెండేళ్లకు పైగా సాగిన ఆ ప్రయాణం తరువాత ఇంటికి తిరిగి వచ్చి మళ్లీ పుస్తకాల ముందు కూర్చున్నారు. తండ్రిలాగే పాఠాలు చెప్పుకుంటూ బతకాలన్నదే ఆయన కోరిక. దేవుని నిర్ణయం వేరుగా ఉంది.

గోధుమల బాకీతో మొదలైన యుద్ధం

ఆ రోజుల్లో అల్జీరియా ఉస్మానియా ఖలీఫా పేరిట దాయి అనే పాలకుని చేతిలో ఉండేది. 1790ల్లో ఫ్రాన్స్ తన సైన్యాల కోసం అల్జీరియా నుంచి గోధుమలు అరువుగా తెప్పించుకుంది. ఏళ్లు గడిచినా బాకీ తీరలేదు. 1827లో ఆ బాకీ గురించి జరిగిన వాగ్వాదంలో హుసేన్ దాయి కోపం పట్టలేక ఫ్రెంచి కాన్సల్‌ను తన చేతిలోని ఈగలు తోలే విసనకర్రతో కొట్టారు. ఫ్రాన్స్‌కు సాకు దొరికింది. మొదట ఓడలతో రేవును దిగ్బంధించారు. 1830 జూన్ 14న ముప్పై వేలకు మించిన సైన్యం సీదీ ఫర్రజ్ తీరాన దిగింది. జూలై 5న అల్జీర్స్ నగరం లొంగిపోయింది. మతానికి, మసీదులకు, ఆస్తులకు హాని చేయబోమని ఒప్పందంలో రాసిచ్చారు. ఆ మాట ఎన్నాళ్లో నిలవలేదు. నగరంలోని ప్రసిద్ధమైన కెచావా మసీదును రెండేళ్లలోనే చర్చిగా మార్చేశారు.

1831లో ఫ్రెంచి సేనలు పశ్చిమాన వహ్రాన్ రేవునూ ఆక్రమించుకున్నాయి. దాయి పోయాడు, తురుష్క అధికారులు పోయారు. ప్రజలకు దిక్కు లేకుండా పోయింది. చుట్టుపక్కల తెగల పెద్దలు షేఖ్ ముహియుద్దీన్ వద్దకు వచ్చి నాయకత్వం వహించమని వేడుకున్నారు. తాను వృద్ధుడనని చెప్పి ఆయన తన కుమారుని చూపించారు. 1832 నవంబరులో గ్రీస్ మైదానంలో ఒక పెద్ద చెట్టు కింద తెగల పెద్దలు ఇరవై నాలుగేళ్ల అబ్దుల్ ఖాదిర్ చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేశారు. హుదైబియా వద్ద చెట్టు నీడన సహాబాలు దైవప్రవక్త (స) చేతిపై చేసిన బైఅత్ ఆ రోజు అందరికీ గుర్తుకు వచ్చింది. ఆయన సుల్తాన్ బిరుదును స్వీకరించలేదు. అమీరుల్ మూమినీన్ అనే పిలుపుతోనే సరిపెట్టుకున్నారు.

గెలుపు, ఓటమి

అమీర్ మొదట చేసిన పని యుద్ధం కంటే కష్టమైనది. ఒకరితో ఒకరికి పడని తెగలను ఒక్క తాటిపైకి తెచ్చారు. జకాత్, ఉష్ర్ తప్ప వేరే పన్నుల భారం తగ్గించారు. ఖాజీలను నియమించారు. జీతాలు తీసుకునే క్రమబద్ధమైన సైన్యాన్ని నిలిపారు. అది ఎన్నడూ పది వేలకు పెద్దగా మించలేదు. మిగిలిన వారంతా అవసరానికి గుర్రమెక్కి వచ్చే తెగల రౌతులే.

1834 ఫిబ్రవరిలో ఫ్రెంచి జనరల్ డెమిషెల్ ఆయనతో ఒడంబడిక చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అతని స్థానంలో వచ్చిన జనరల్ ట్రెజెల్ దాన్ని కాలదన్ని దండెత్తాడు. 1835 జూన్ 28న మక్తా బురదనేలల్లో అమీర్ రౌతులు అతని దళాన్ని చుట్టుముట్టారు. ఫ్రెంచి సైనికులు రెండు వందల యాభైకి పైగా హతులయ్యారు. పారిస్‌లో గగ్గోలు పుట్టింది. పగ తీర్చుకోవడానికి కొత్త సైన్యాలు వచ్చాయి. ఆ డిసెంబరులోనే అమీర్ రాజధాని మస్కరా మంటల పాలయింది. 1836 జూలైలో సిక్కాక్ వాగు దగ్గర జనరల్ బ్యూజో చేతిలో అమీర్‌కు ఘోర పరాజయం ఎదురైంది. ఆ ఒక్క రోజే వెయ్యి మందికి పైగా అనుచరులను పోగొట్టుకున్నారు.

అయినా తెగలు ఆయనను విడిచిపెట్టలేదు. 1837 మే 30న అదే బ్యూజో తఫ్నా నది వద్ద ఆయనతో సంధి చేసుకోక తప్పలేదు. అల్జీరియా లోతట్టు ప్రాంతంలో అధిక భాగంపై అమీర్ అధికారాన్ని ఫ్రాన్స్ అంగీకరించింది. తరువాతి రెండేళ్లలో ఆయన తాగ్దెంత్ అనే చోట కొత్త రాజధాని కట్టుకున్నారు. అక్కడ టంకశాల, తుపాకుల కార్ఖానా, మదర్సా వెలిశాయి. పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. ఒక గొప్ప కుతుబ్‌ఖానా కోసం దూరప్రాంతాల నుంచి వ్రాతప్రతులు సేకరించారు.

1839 అక్టోబరులో ఫ్రెంచి సైన్యం అమీర్ తనదిగా భావించిన ప్రాంతం గుండా, ఉక్కు ద్వారాలని పేరుపడిన కనుమను దాటి కవాతు చేసింది. సంధి తెగిపోయింది. నవంబరులో మళ్లీ యుద్ధం మొదలైంది. ఇక ఎనిమిదేళ్ల దాకా ఆగలేదు.

తల తెస్తే బహుమానం లేదు

పాఠకులు ఇక్కడ కొంచెం ఆగి గమనించాలి. ఆ కాలపు యుద్ధాల్లో శత్రువు తల నరికి తెచ్చి బహుమానం అందుకోవడం ఉభయ పక్షాలలోనూ కనిపించే ఆచారం. అమీర్ తన సైన్యంలో ఆ ఆచారాన్ని నిషేధించారు. శత్రు సైనికుని ప్రాణాలతో పట్టి తెచ్చిన వానికే బహుమానం ఇస్తామని చాటించారు. తెచ్చిన బందీ తనను హింసించారని ఫిర్యాదు చేస్తే బహుమానం పోయి శిక్ష మిగిలేది. బందీలకు తన సైనికులు తినే తిండే పెట్టించారు. స్త్రీలు ఎవరైనా చిక్కితే వారిని తన తల్లి లల్లా జొహ్రా గుడారంలో ఉంచేవారు. ఆ ముసలితల్లి వారిని స్వయంగా కనిపెట్టుకుని ఉండేది.

1841లో జరిగిన ఒక సంఘటన అందరూ తెలుసుకోదగ్గది. అల్జీర్స్‌లో డ్యుపూష్ అనే బిషప్ ఉండేవారు. బందీ అయిన ఒక ఫ్రెంచి అధికారి భార్య చంటిబిడ్డతో వచ్చి ఏడవగా, ఆ ఒక్కరిని విడిచిపెట్టమని ఆయన అమీర్‌కు ఉత్తరం రాశారు. అమీర్ జవాబులో బిషప్‌ను మెత్తగా మందలించారు. మతపెద్ద అయిన వారు ఒక్కరి కోసమే ఎందుకు అడగాలి, క్రైస్తవ బందీలందరి కోసం అడగవద్దా అన్నారు. అంతేకాదు, ఫ్రెంచి జైళ్లలో మగ్గుతున్న ముస్లింల విడుదల కోసం కూడా ప్రయత్నిస్తే ఆ దయ రెట్టింపు శోభిస్తుందని గుర్తు చేశారు. బిషప్ సిగ్గుపడి ఆ పనికి పూనుకున్నారు. ఆ ఏడు మే నెలలో ఉభయ పక్షాల బందీల మార్పిడి జరిగింది. అమీర్ అంతటితో ఆగలేదు. తన వద్ద ఉన్న క్రైస్తవ బందీలు తమ మతం ప్రకారం ప్రార్థన చేసుకోవడానికి ఒక పాదిరీని పంపమని, అతనికి ఎలాంటి లోటూ రానివ్వనని బిషప్‌కు రాశారు.

యుద్ధం మధ్యలో శత్రువు ప్రార్థన గురించి ఆలోచించిన సేనాపతి ఎంత అరుదో చెప్పనక్కరలేదు. షరీఅత్ యుద్ధానికి కూడా హద్దులు గీసింది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు. పంటను తగలబెట్టరాదు. బందీని ఆకలితో ఉంచరాదు. ఈ హద్దులను మనమంతా పుస్తకాల్లో చదువుతాం. అమీర్ వాటిని గుర్రం మీద ఉండగా పాటించారు.

పొగ నిండిన గుహలు

మరి అవతలి పక్షం సంగతేమిటి? 1841లో గవర్నర్ జనరల్‌గా పగ్గాలు చేపట్టిన బ్యూజో అమీర్‌ను యుద్ధంలో పట్టుకోవడం కష్టమని గ్రహించాడు. ఆయనకు తిండిపెట్టే ప్రజలనే దెబ్బ కొట్టాలనుకున్నాడు. పంటలు తగలబెట్టారు, ధాన్యపు పాతరలు తవ్వి దోచుకున్నారు, ఆలివ్, అత్తి తోటలు నరికేశారు, మందలు తోలుకుపోయారు. తాగ్దెంత్ నేలమట్టమయింది. ఫ్రెంచి సైన్యం లక్ష దాటింది.

ఊళ్లన్నీ పోగా అమీర్ రాజధాని గుడారాలలోకి మారింది. జమాలా అని పిలిచే ఆ కదిలే నగరంలో కుటుంబాలు, కమ్మరులు, ఖాజీలు, బడి పిల్లలు అందరూ ఉండేవారు. 1843 మే 16న అమీర్ లేని వేళ, ఫ్రెంచి రాజు కుమారుడైన ఓమాల్ డ్యూక్ అయిదారు వందల గుర్రపు దళంతో దానిపై విరుచుకుపడ్డాడు. సుమారు మూడు వేల మంది బందీలయ్యారు. ఎన్నో ఏళ్లు కూడబెట్టిన వ్రాతప్రతులు చెల్లాచెదురయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టులో ఇస్లీ యుద్ధంలో మొరాకో సైన్యం ఓడిపోవడంతో పక్క దేశపు అండ కూడా తొలగిపోయింది.

1845 జూన్‌లో దహ్రా కొండల్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. అక్కడ బూ మఅజా అనే మరో నాయకుని తిరుగుబాటు నడుస్తోంది. ఊలాద్ రియాహ్ తెగవారు ఫ్రెంచి సేనలకు భయపడి ఆలుబిడ్డలతో, పశువులతో గుహల్లో దాక్కున్నారు. కర్నల్ పెలీసియే గుహల ముఖద్వారాల వద్ద కట్టెలు పేర్చి నిప్పు పెట్టించాడు. రాత్రంతా మంట ఎగదోశారు. తెల్లవారి లోపలికి వెళ్లినవారికి బిడ్డలను పొదివి పట్టుకుని పడి ఉన్న తల్లుల శవాలు కనిపించాయి. మృతులు వందల్లో అని కొందరు, వెయ్యికి మించారని మరికొందరు రాశారు. పారిస్‌లో పార్లమెంటు సభ్యులే ప్రశ్నించగా బ్యూజో తన అధికారిని వెనకేసుకొచ్చాడు. పెలీసియేకు శిక్ష పడలేదు. పదోన్నతులు వచ్చాయి. ఆ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో మళ్లీ వస్తుంది.

దాచరాని ఒక మచ్చ

మహనీయుల జీవితాలు రాసేవారు మచ్చలను దాచిపెడతారనే అపవాదు ఉంది. ఆ తప్పు మేము చేయదలచలేదు. 1845 సెప్టెంబరులో సీదీ బ్రహీం వద్ద అమీర్ ఒక ఫ్రెంచి దళాన్ని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టారు. దాని నాయకుడు మోంతన్యాక్ హతుడయ్యాడు. ఆ రోజుల్లో చిక్కిన బందీలను మొరాకో సరిహద్దులోని తన విడిదికి పంపి అమీర్ దూరప్రాంతాలకు యుద్ధానికి వెళ్లారు. అక్కడ తిండి కరవైంది. శత్రువు చుట్టూ కమ్ముకుంటున్నాడు. 1846 ఏప్రిల్‌లో విడిదిలోని పెద్దలు బందీలలో అధికారులను తప్ప మిగిలిన వారిని చంపించారు. మృతులు రెండు వందలకు మించి ఉంటారు.

ఆ సమయంలో అమీర్ అక్కడ లేరన్న దానిలో వివాదం లేదు. ఆజ్ఞ ఎవరిదన్న దానిపై మాత్రం వాదనలు సాగాయి. అది తన బావమరిది ముస్తఫా బిన్ తామీ చేతుల మీదుగా జరిగింది. ఎవరు చేసినా అది షరీఅత్‌కు విరుద్ధం. అమీర్ స్వయంగా నెలకొల్పిన పద్ధతికి విరుద్ధం. నాయకుడు లేని చోట ఆకలి, భయం రాజ్యమేలితే ఎంతటి మంచి నియమమైనా ఎలా కొట్టుకుపోతుందో ఈ ఘటన చెబుతుంది. ఆ భారం ఆయన పేరును ఎన్నడూ పూర్తిగా విడిచిపెట్టలేదు.

కత్తి దించిన రాత్రి

1847 డిసెంబరు వచ్చేసరికి మొరాకో సుల్తాన్ సైన్యం ఒకవైపు, ఫ్రెంచి సైన్యం మరోవైపు. వాన కురుస్తోంది. అమీర్ ఒక్కరే కొందరు రౌతులతో కనుమలు దాటి సహారా ఎడారిలోకి తప్పించుకోగలరు. ఆ సామర్థ్యం ఆయనకు ఉంది. కాని వెనక గాయపడినవారు ఉన్నారు, స్త్రీలు ఉన్నారు, పిల్లలు ఉన్నారు, ముసలితల్లి ఉంది. దహ్రా గుహల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆయన సహచరులను కూర్చోబెట్టి సలహా అడిగారు. ఇంకా పోరాడితే చచ్చేది ప్రజలే తప్ప ఫలితం లేదన్న నిర్ణయానికి వచ్చారు.

తనను, తన వారిని అలెగ్జాండ్రియాకు గాని అక్కాకు గాని చేర్చాలన్న షరతుపై డిసెంబరు 23న జనరల్ లామొరిసియేర్‌కు లొంగిపోయారు. అప్పటికి గవర్నర్ జనరల్ అయిన ఓమాల్ డ్యూక్ కూడా ఆ మాటను ఖాయం చేశాడు. అమీర్ తన చివరి గుర్రాన్ని అతనికి అప్పగించారు.

మాట ఇచ్చినవారు మాట తప్పారు. ఓడ తూర్పుకు గాక ఫ్రాన్స్‌లోని టూలాన్ రేవుకు చేరింది. కోటలో ఖైదు. తరువాత పో పట్టణం, ఆపైన ఆంబువాజ్ కోట. మధ్యలో ఫ్రాన్స్‌లో రాజు పోయి ప్రజాప్రభుత్వం వచ్చింది. అదీ ఆ మాట నిలబెట్టలేదు. చలికి, దిగులుకు ఆయన వెంట వచ్చినవారు ఒక్కొక్కరే రాలిపోయారు. ఆంబువాజ్‌లో ఇరవై అయిదు మంది మట్టిలో కలిశారు. వారిలో పసిబిడ్డలూ ఉన్నారు. 2005లో వారి జ్ఞాపకార్థం అక్కడ ఇరవై అయిదు శిలాఫలకాలతో ఒక తోట ఏర్పాటు చేశారు.

విచిత్రమేమంటే ఆ ఖైదులో ఆయనను చూడవచ్చిన వారిలో ఒకప్పుడు ఆయన చేతిలో బందీలైన ఫ్రెంచివారున్నారు. బిషప్ డ్యుపూష్ వచ్చారు. అమీర్‌ను విడుదల చేయాలని కోరుతూ ఒక పుస్తకమే రాసి అచ్చువేయించారు. 1852 అక్టోబరు 16న లూయీ నెపోలియన్ స్వయంగా ఆంబువాజ్‌కు వచ్చి విడుదల వార్త చెప్పాడు. అమీర్ ఫ్రాన్స్‌పై మళ్లీ కత్తి ఎత్తనని మాట ఇచ్చారు. ఆ ప్రభుత్వం ఇచ్చిన పింఛనుతో మొదట తుర్కీలోని బుర్సా నగరంలో, 1855 నుంచి డమాస్కస్‌లో జీవించారు. పింఛను తీసుకున్నందుకు ఆయనను తప్పుబట్టినవారు లేకపోలేదు. అయితే ఇచ్చిన మాటను ఆయన చివరిదాకా నిలుపుకున్నారన్నది శత్రువులు కూడా కాదనలేదు.

1860: ఇద్దరు మనుషులు, రెండు దారులు

డమాస్కస్‌లో అమీర్ తన చిన్ననాటి కోరిక తీర్చుకున్నారు. ఉమవీ జామె మసీదులో దర్స్ చెప్పేవారు. యాభై దాటిన వయసు, పుస్తకాలు, శిష్యులు, నమాజు. అంతలో 1860 వచ్చింది.

ఆ వేసవిలో లెబనాన్ కొండల్లో ద్రూజులకు, మారోనీ క్రైస్తవులకు మధ్య రక్తపాతం చెలరేగింది. ఆ వేడి డమాస్కస్‌కూ పాకింది. ముప్పు రానున్నదని గ్రహించిన అమీర్ గవర్నర్ అహ్మద్ పాషాను హెచ్చరించారు, నగర పెద్దలకు నచ్చజెప్పారు, తన వెంట వలస వచ్చిన అల్జీరియన్లను సిద్ధంగా ఉంచారు. జూలై 9న అల్లరి మూకలు క్రైస్తవుల పేటపై పడ్డాయి. ఇళ్లు తగలబడ్డాయి. వేలమంది ప్రాణాలు పోయాయి. గవర్నర్ సిపాయిలు చూస్తూ ఊరుకున్నారు.

అమీర్ తన కుమారులను, అల్జీరియన్లను వెంటబెట్టుకుని మండుతున్న సందుల్లోకి వెళ్లారు. ఇళ్లలో, బావుల చాటున దాక్కున్న వారిని పిలిచి పిలిచి తన ఇంటికి చేర్చారు. యూరపు దేశాల కాన్సల్‌లు కూడా వారిలో ఉన్నారు. ఇల్లు నిండిపోతే వారిని దళాల కాపలాతో కోటకు తరలించి, మళ్లీ కొత్తవారిని తెచ్చారు. ఎవరైనా ఒక క్రైస్తవుని ప్రాణాలతో తెచ్చి అప్పగిస్తే తలకు ఇంత అని రొక్కం ఇస్తానని చాటింపు వేయించారు. ఇంటి ముందు చాప వేయించి, పక్కన డబ్బు సంచి పెట్టుకుని, అక్కడే కునుకు తీశారు. ఇరవై ఏళ్ల కిందట అల్జీరియా యుద్ధరంగంలో పెట్టిన నియమమే ఇక్కడా పెట్టారు. తలకు బహుమానం లేదు, ప్రాణానికి ఉంది.

ఒక దశలో మూక ఆయన గుమ్మం ముందుకే వచ్చి లోపల ఉన్నవారిని అప్పగించమని అరిచింది. ఫ్రాన్స్‌తో పదిహేనేళ్లు పోరాడిన మీరు క్రైస్తవులను కాపాడటమేమిటని నిలదీసింది. తాను పోరాడింది దేశాన్ని ఆక్రమించుకున్న సైన్యంతోనే గాని శరణు కోరిన పొరుగువానితో కాదని, తన మనుషుల్లో ఒక్కడు మిగిలి ఉన్నా వీరిలో ఒక్కరిని కూడా అప్పగించేది లేదని అమీర్ బదులిచ్చారు. మూక వెనుదిరిగింది. ఆయన చలువతో బతికి బయటపడినవారు వేలల్లో ఉన్నారు. పన్నెండు వేలని కొందరు రాశారు. మీదాన్ పేటలోనూ ముస్లిం పెద్దలు తమ పొరుగు క్రైస్తవులకు కాపలా కాశారని చరిత్ర చెబుతుంది.

ఫ్రాన్స్ తన అత్యున్నత బిరుదైన లెజియన్ ఆఫ్ ఆనర్ మహాపతకాన్ని పంపింది. కొన్ని యూరపు రాజ్యాల నుంచి కానుకలు వచ్చాయి. ఆయనకు అన్నిటికంటే ప్రీతి కలిగించిందని మాకు అనిపించేది మాత్రం ఒక ఉత్తరం. కాకసస్ కొండల్లో రష్యా సైన్యంతో దశాబ్దాలు పోరాడి ఖైదీ అయిన ఇమాం షామిల్ అక్కడి నుంచి అభినందిస్తూ రాసిన ఉత్తరమది. తాను చేసింది షరీఅత్ ఆజ్ఞాపించినదే, మానవత్వం కోరినదే తప్ప మరేమీ కాదని అమీర్ జవాబు రాశారు.

సరిగ్గా అదే 1860 సంవత్సరం చివరలో అల్జీరియాకు కొత్త గవర్నర్ జనరల్‌ను ఫ్రాన్స్ నియమించింది. ఆయన పేరు మార్షల్ పెలీసియే. అవును, దహ్రా గుహల పెలీసియేనే. నాగరికత నేర్పడానికి వచ్చామన్నవారు గుహలో బిడ్డలను పొగబెట్టిన మనిషికి దేశాన్ని అప్పగించారు. ఎవరిని మతోన్మాదులన్నారో వారి నాయకుడు అదే ఏడు క్రైస్తవ బిడ్డలకు తన గుమ్మం అప్పగించాడు.

ఎవరు లెక్క పెడతారు?

అమీర్ 1883 మే 26న, హిజ్రీ 1300 రజబ్‌లో, తాను పుట్టిన మాసంలోనే డమాస్కస్‌లో తుదిశ్వాస విడిచారు. ఆయనకు ఇష్టమైన షేఖ్ ఇబ్నె అరబీ (రహ్) మజార్ పక్కన ఖననం చేశారు. అల్జీరియా మాత్రం మరో 79 ఏళ్లు ఎదురు చూడవలసి వచ్చింది. 1962 జూలై 5న, అల్జీర్స్ నగరం లొంగిన అదే తేదీన, స్వాతంత్ర్య దినాన్ని జరుపుకుంది. 1966లో అమీర్ పార్థివ శేషాలను స్వదేశానికి తెచ్చి అల్జీర్స్‌లోని అలియా ఖబరస్తాన్‌లో ఉంచారు.

ఇక పిల్లలు అడిగే లెక్కకు వద్దాం. ఫ్రెంచి సైన్యం తన లెక్క తాను రాసుకుంది. 1831 నుంచి 1851 దాకా యుద్ధరంగంలో చనిపోయిన సైనికులు 3,336 మంది, జ్వరాలతో, విరేచనాలతో ఆసుపత్రుల్లో చనిపోయినవారు 92,329 మంది. ఆ పేద రైతుబిడ్డలు కూడా ఎవరి బాకీ కోసమో చచ్చారు. అల్జీరియా ప్రజల చావులను మాత్రం ఒక్కొక్కటిగా రాసుకున్నవారు లేరు. 1830 నుంచి 1875 వరకు యుద్ధాలకు బలైనవారు ఎనిమిది లక్షలకు పైబడి ఉంటారని ఒక చరిత్రకారుని అంచనా. కరవు, కలరా తీసుకుపోయినవారు ఇంకా వేరు. ప్రతిఘటన వీరులవని చెప్పి ఫ్రాన్స్ 24 పుర్రెలను 2020 జూలైలో అల్జీరియాకు తిప్పి పంపింది. అవి దశాబ్దాల తరబడి పారిస్ మ్యూజియంలో ఉండిపోయాయి. ఆ జూలై 5న వాటిని అమీర్ విశ్రమిస్తున్న ఆ ఖబరస్తాన్‌లోనే ఖననం చేశారు.

చంపినవాని లెక్కలో చచ్చినవాడు ఒక అంకె కూడా కాలేదన్నమాట. అందుకే ఇక మీదట పిల్లలు ఎంతమందిని చంపారని అడిగితే మేము చెప్పబోయే జవాబు ఇది. ఆయన చంపిన వారి లెక్క చరిత్రలో సరిగా నిలవలేదు. తన గుమ్మంలోకి తీసుకున్నవారిని మాత్రం డమాస్కస్ నేటికీ మరిచిపోలేదు. మనలో ఎవరికీ సైన్యాలు లేవు. కాని ప్రతి ఒక్కరి చేతిలోనూ ఎవరో ఒకరు చిక్కి ఉంటారు. బాకీ పడినవాడు, కింద పనిచేసేవాడు, భయంతో తలుపు తట్టిన పొరుగువాడు. మనం ఎవరమో తేలేది అక్కడే.

బలం ఉన్నప్పుడు హద్దు మీరకుండా, బలం లేనప్పుడు మాట తప్పకుండా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు, మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.